పదకొండో చిలప

ఉన్ని మిల్లులో ఆయన్ని అందరూ ‘కాదు మాస్టారు’ అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతాల పుస్తకంలో తప్ప అది ఇంకెక్కడా నలగలేదు. దారాన్ని చుట్టి, మెలేసి కట్టిన కట్టను చిలప అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ఆయన పరీక్షల గదిలో కూర్చుని, తన ముందుకొచ్చిన ప్రతి చిలపలోంచీ నాలుగు బారలు తీసి నల్ల పలకకు చుట్టి, కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున తెంపి, ‘కాదు’ అనేవాడు. కాదన్నదానికి ఎర్ర దారంతో ఓ ముడి వేసి అవతల పడేసేవాడు. బాగున్నదాన్ని మాత్రం ఏమీ అనకుండా పక్క బల్ల మీద పెట్టేవాడు. మెచ్చుకునే మాట ఆయన నోట్లో మొలవలేదని కార్మికులు నవ్వుకునేవాళ్ళు. మొదటిసారి తనను చూసినప్పుడు కూడా ఈయన ఏమీ అనలేదనీ, అందుకే పెళ్ళి కుదిరిందనీ ఆయన భార్య ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మిల్లు మూతపడి ఆరేళ్ళయింది. ఆ మిల్లు తాలూకు ఆస్తిగా ఆయనకు మూడే మిగిలాయి: వెనక వసారాలో ఓ రాట్నం, బొచ్చు ఏకే ముళ్ళ పలకల జత, ఆ నల్ల పలక. వాటి మీద దుమ్ము తుడవడం తప్ప ఆయనకు వేరే పనేమీ లేకుండా పోయింది. భార్య మాటల్లో చెప్పాలంటే, కాదనడానికి దారం దొరక్క, ఇంట్లో కూరల్ని కాదంటూ కాలక్షేపం చేస్తున్నాడు.

ఆ ఖాళీ వసారాలోకి మేనకోడలు ఓ గోతం మోసుకొచ్చింది. ఆ పిల్లది కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు దువ్వి, గోళ్ళు తీసే దుకాణం. నెలకు పన్నెండు గోతాల బొచ్చు చెత్తబండి ఎక్కుతోందనీ, అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోందనీ మామయ్య ముందు కూర్చుని ఏకరువు పెట్టింది. గొర్రెకైతే మేత కావాలి, కాపరి కావాలి, కొట్టం కావాలి. కుక్కకు అవన్నీ ఎవరో ముద్దుగా ముందే పెట్టేశారు. అది ఏడాదికి రెండుసార్లు తన కోటు తనే విప్పి పారేస్తోంది. పారేసినదాన్ని ఏరుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

మాస్టారు గోతంలో చెయ్యి పెట్టకుండానే కాదన్నాడు. కుక్క బొచ్చు తిన్నగా, జారుడుగా ఉంటుంది, పురి నిలవదు అన్నాడు. మేనకోడలు వాదించలేదు. గోతం అక్కడే వదిలేసి పోయింది. మనిషి గుట్టు తెలిసిన పిల్ల.

మూడో రోజు పొద్దున ఆయన గోతం మూతి విప్పాడు. పైనున్న ముతక వెంట్రుకలు ఏరి పారేశాడు. అడుగున, చర్మానికి ఆనుకుని పెరిగే లోబొచ్చు చేతికి తగిలింది. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియలేదు. పెట్టుకున్నాడో లేదో చూసుకోవాల్సి వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో నలపకుండా ముంచి తీసి, నీడన ఆరబెట్టి, పలకల మధ్య ఏకి, రాట్నం ముందు కూర్చున్నాడు. మొదటి గంటంతా తెగింది. గొర్రె ఉన్నికంటే రెండింతల పురి ఎక్కిస్తే గానీ అది మాట వినలేదు. విన్నాక మాత్రం దారం వేళ్ళలోంచి పొగలాగా వచ్చింది. వస్తూనే ఉంది.

రెండు పేటలు కలిపి పేనిన ఆ దారాన్ని ఆయన కిటికీ ఊచకు కట్టి, కొసన నీళ్ళు నింపిన చెంబు వేలాడదీశాడు. చెంబు గిర్రున తిరిగింది, ఊగింది, ఆగింది. దారం తెగలేదు. పొద్దున ఊదితే ఎగిరిపోయిన బొచ్చు, సాయంత్రానికి శేరు నీళ్ళు మోస్తోంది. మధ్యలో దానికి కలిసింది ఏమీ లేదు, ఒక్క మెలిక తప్ప. జీవితమంతా దారంతోనే గడిపినవాడు, ఇది ఆయనకు తెలియని సంగతేం కాదు. అయినా ఆ చెంబు ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. భార్య వచ్చి చెంబు కావాలని అడిగితే వేరేది తీసుకోమన్నాడు.

ఆ నెలలోనే టెలిఫోన్ ఆపరేటరు వచ్చింది.

ఆవిడ ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగి. పుట్టుకతోనే చూపు లేదు. పదకొండేళ్ళు ఆవిడను ఇంటి నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి ఇంటికీ నడిపించిన కుక్క రెండు నెలల కిందట పోయింది. మేనకోడలి దుకాణంలోనే దానికి గోళ్ళు తీసేవారు. అలా తెలిసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వసారాలోకి వచ్చింది. వెంట రిక్షా నిండా దిండు గలీబులు.

“మా సారు బొచ్చు తెచ్చానండీ,” అంది కుర్చీ తడుముకుని కూర్చుంటూ.

మాస్టారు భార్య మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ ఆగిన చప్పుడు విని ఆపరేటరు నవ్వింది. “మీరనుకునే సారు కాదండీ. కుక్క. ముందు నడిచేది వాడు, వెనక నడిచేది నేను. మరి ఎవరు సారో మీరే చెప్పండి.”

ప్రతి ఆదివారం దువ్వినప్పుడు వచ్చిన బొచ్చు పారెయ్యబుద్ధి కాక గలీబుల్లో దాచిందట, ఏడాదికొకటి చొప్పున. పదకొండు గలీబులు. చివరిది సగమే నిండింది. దాన్నంతా వడికించి శాలువా నేయించుకోవాలని ఆవిడ కోరిక. ఎడమ చెయ్యి చలికి వణుకుతోందని చెప్పింది. కుడిచేతికి లేని చలి ఎడమచేతికేమిటని మాస్టారు భార్య అడిగితే, సారు నడుము పట్టీకున్న పిడిని పట్టుకున్నది ఆ చేత్తోనేననీ, అది ఇప్పుడు ఊరికే ఉంటోందనీ అంది. వెళ్ళేముందు ఆవిడ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది.

“మాస్టారూ, ఏ ఏడాదిది ఆ ఏడాదికి విడిగా వడకండి. కలపొద్దు. ఇంతే ఉంది, ఇక రాదు.”

పదకొండు వారాలు పట్టింది. గలీబుకొక చిలప. ఒక్కోదానికీ చీటీ మీద అంకె వేసి కట్టాడు. పదో చిలప దాకా అంతా సవ్యంగా సాగింది. కడిగి ఆరేసిన చిలపలు వసారాలో దండెం మీద వరసగా, ఒళ్ళు విరుచుకున్న కోడిపిల్లల్లా బొద్దుగా ఉబ్బాయి. తేనెరంగు దారం చుట్టూ సన్నటి నూగు లేచి, ఎండ పడితే ఒక్కోదానికీ వెలుగు అంచు కట్టినట్టుండేది.

ఆ నూగే మాస్టారి కంట్లో పడింది. మిల్లు కళ్ళకు నూగు అంటే తప్పు. కోటు గుడ్డకు పోయే దారాన్ని అక్కడ గ్యాసు మంటల వరసలోంచి పరుగెత్తించేవారు. దారం అంటుకునే లోపే దాటిపోయేది, పైకి లేచిన నూగు మాత్రం మాడి రాలేది. అద్దంలా నున్నటి దారం బయటికొచ్చేది. మెడకు చుట్టుకునే శాలువా గుచ్చుకోకూడదు కదా అనుకున్నాడు. పైగా పదకొండోది ఆఖరి ఏడాదిది, అన్నింటికన్నా అదే మేలుగా ఉండాలి. స్పిరిట్ దీపం వెలిగించి, రాట్నం మీదున్న ఆ దారాన్ని మంట మీదుగా చకచకా లాగి, ఒక్కచోట కూడా తెగకుండా, మాడకుండా, కొస నుంచి కొస దాకా నూగు తీసేశాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేసి ఉండడు. మిగతా పదీ రేపు చేద్దామని దీపం ఆర్పాడు.

మర్నాడు మేనకోడలు వస్తూనే ముక్కు ఎగబీల్చింది. దండెం దగ్గరికెళ్ళి పదో చిలపను ఓ చేత్తో, పదకొండోదాన్ని ఓ చేత్తో పట్టుకుంది. ఒకటి చేతినిండా ఉంది. ఒకటి పురికొసలా ఉంది.

“వెచ్చదనమంతా కాల్చేశావు మామయ్యా,” అంది మెల్లగా.

ఆయన రెండూ తీసుకుని చెంపలకు ఆనించుకున్నాడు. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు. గొర్రె ఉన్నికి పుట్టుకతోనే వంకర ఉంటుంది, ఆ వంకరల సందుల్లో గాలి నిలుస్తుంది. కుక్క బొచ్చు తిన్ననిది. దాని గాలంతా పైకి లేచిన ఆ నూగులోనే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ చదువు ఒక్క సాయంత్రంలో ఆఖరి ఏడాదిని నున్నగా గొరిగి పెట్టింది. ఇక రాదని ఆవిడ చెప్పే వెళ్ళింది.

ఆయన ఆ పూట అన్నం ముందు కూర్చుని దేన్నీ కాదనలేదు. భార్యకు భయం వేసి మేనకోడలికి కబురు పెట్టింది. ఆ పిల్ల వచ్చి ఉపాయం చెప్పింది. దుకాణానికి అచ్చం ఆ జాతి కుక్కే ఇంకొకటి వస్తోంది, అదే రంగు, ఇంచుమించు అదే వయసు. దాని బొచ్చు సగం గలీబెడు ఏం ఖర్మ, నాలుగు గలీబులు తను తేగలదు. వడికి అంకె వేసి పెడితే సరి. ఆవిడకెలాగూ కనిపించదుగా అని నోరు జారి, నాలిక కరుచుకుంది.

మాస్టారు ఔననలేదు, కాదనలేదు. బొచ్చు వచ్చింది. వడికాడు. పదింటితో పాటు దండెం మీద వేస్తే ఏది ఏదో ఆయన కళ్ళే పోల్చుకోలేకపోయాయి. నల్ల పలకకు చుట్టి చూశాడు. మిల్లులో అయితే మారు మాట్లాడకుండా పక్క బల్ల మీద పెట్టేవాడు.

ఆపరేటరు వచ్చే రోజు పొద్దున ఆయన కాల్చిన చిలపను బీరువాలోంచి తీశాడు. పాత డబ్బాలోంచి ఎర్ర దారం తీసి దానికి ముడి వేశాడు. ఇన్నేళ్ళలో తన చేతి దారానికి తనే ముడి వేసుకోవడం అదే మొదలు. దాన్ని చొక్కా జేబులో కుక్కుకుని వసారాలోకి వచ్చేసరికి, కొత్తదాన్ని మేనకోడలు అప్పటికే బుట్టలో చేర్చేసింది. ఆపరేటరు కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన ఏదో అనబోయేలోగా బుట్ట ఆవిడ ఒళ్ళో ఉంది.

ఆవిడ చేతులు బుట్టలోకి వెళ్ళాయి. ముందు ఊరికే నిమిరింది. తర్వాత ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారాన్ని పోనిచ్చి, దగ్గరికి తీసుకుని దాని మీద నోటితో వెచ్చగా ఊపిరి వదిలి, ఆ చెమ్మ ఆరకముందే వాసన చూసింది. ముఖం వికసించింది.

“ఇది మొదటేడు. ఇంకా లేతబొచ్చు. అప్పుడు వాడికి పని తక్కువ, పొగరెక్కువ.”

మాస్టారు చీటీ తిప్పి చూశాడు. ఒకటి.

ఆవిడ ఇంకొకటి తీసింది. అది నాలుగో ఏడని చెప్పింది. ఆ ఏడు ఇల్లు మారారు. కొత్త దారి అలవాటయ్యేదాకా వాడు కంగారుపడి సరిగ్గా తినలేదు, బొచ్చు బిరుసెక్కింది. చీటీ మీద నాలుగు. మరోదాన్ని సగం దాకా పోనిచ్చి, ఒకచోట వేలు ఆపి, ఇక్కడ జ్వరపడ్డాడు అంది. ఏడో ఏడు. మాస్టారు వంగి ఆ చోటు పట్టుకు చూశాడు. ఏమీ తగల్లేదు. కళ్ళజోడు సర్దుకుని వెలుగులో పెట్టి చూస్తే, ఓ మూరెడు మేర దారం వెంట్రుకవాసి సన్నబడి ఉంది. వడికేటప్పుడు తన వేళ్ళకు అందని తేడా అది. మిల్లు మొత్తానికి మొనగాడని పేరు పడ్డ వేళ్ళు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. భార్య పొయ్యి మీద పాలు మరిచిపోయి గుమ్మాన్ని పట్టుకు నిలబడింది. ఆవిడ ఒక్కోటీ తీసి, ఊపిరి వదిలి, ఏ ఏడాదిదో చెప్పి, కుర్చీ చేతి మీద వరసగా వేస్తోంది. వాన చదివింది, వయసు చదివింది. ఎనిమిదో ఏట మందులు మారిన సంగతి చదివింది. కుక్క పోయి నాలుగున్నర నెలలయింది. అయినా ఆ వసారాలో అది చిన్నదై, ఎదిగి, జబ్బుపడి, కోలుకుని, నెమ్మదిగా నెరుస్తూ వాళ్ళందరి ముందూ నడుచుకుంటూ పోయింది. తాను దారం చేశానని అనుకున్నాడు మాస్టారు. చేసింది దారం కాదనీ, తనకు చదవడం రాని ఓ పుస్తకమనీ అప్పుడు తెలిసింది.

పదీ అయ్యాయి. ఆవిడ బుట్టలోంచి పదకొండోది తీసింది. పోనిచ్చింది. ఊపిరి వదిలింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. చిలపను కిందికి దించి, అక్కడ ఎవరో కొత్త మనిషి కూర్చున్నట్టు ముఖం పక్కకు తిప్పింది.

“ఇదెవరు?”

ఏమిటిది అనలేదు. ఎవరు అంది. మేనకోడలు మామయ్య వంక చూసి తల దించుకుంది.

మాస్టారు జేబులో చెయ్యి పెట్టాడు. కాల్చిన చిలప తీసి ఆవిడ ఎడమ చేతిలో పెట్టాడు. పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నూగు తప్పనుకున్నానన్నాడు, దీపం సంగతి చెప్పాడు, బుట్టలో పెట్టింది వేరే కుక్కదనీ అదీ తన చేత్తోనే వడికాననీ ఒప్పుకున్నాడు. మేనకోడలి ఉపాయం మాట ఎత్తనే లేదు. ఆ పిల్లే అందుకుని, నేనే చెప్పానక్కా అంది.

“ఈ ముడేమిటి?” అంది ఆవిడ.

“కాదన్న సరుక్కి వేసేదమ్మా. ఎర్రది.”

ఆవిడ ఆ చిలప మీద కూడా ఊపిరి వదిలింది. మాడిన వాసన, దాని అడుగునెక్కడో పాత వాసన. లోపల పాలు పొంగి పొయ్యి చుయ్యిమన్నా ఎవరూ కదల్లేదు. ఆవిడ ముఖంలో కోపమో దుఃఖమో తేల్చుకోలేక, మాస్టారు ఆవిడ చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. అందువల్ల ఆయనకే ముందు కనిపించింది. ఆవిడకు తెలియకుండానే బొటనవేలు ఆ నున్నటి దారం మీద ముందుకూ వెనక్కూ పోతోంది. ఒకే చోట, అలవాటైన దారిలా.

“పట్టీ కింద చోటు,” అంది ఆవిడ చివరికి. “రోజల్లా పట్టీ రాసుకుని అక్కడ బొచ్చంతా అరిగి, ఇదిగో, ఇలాగే నున్నగా ఉండేది. ఇంటికొచ్చి పట్టీ విప్పగానే నా వేలు ముందు అక్కడికే పోయేది. ఆ చోటు దువ్వెనకు రాలేదు. గలీబుల్లో ఎంత వెతికినా అది లేదు.”

మాస్టారు తన వేలు కూడా ఆ దారం మీద పోనిచ్చి చూశాడు.

“మీరు కాల్చినందుకు మెచ్చుకుంటున్నాననుకోకండి,” అంది ఆవిడే మళ్ళీ, కళ్ళు తుడుచుకుంటూ. “వాడి ఆఖరి ఆదివారాలు అందులో ఉన్నాయి. అది మీరు చేసిన నష్టమే. కానీ దీన్ని తీసెయ్యకండి. శాలువాకి ఎడమ అంచున వెయ్యండి, చెయ్యి పట్టుకునేచోట.”

అలాగేనమ్మా అని ఆయన ఎర్ర ముడి విప్పబోయాడు. ఆవిడ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“ఉండనివ్వండి. నేను వెతుక్కోవాలిగా.”

శాలువా మగ్గం షెడ్డులో నేయించారు. మొదట్లో కుక్క బొచ్చు అనగానే మూతి తిప్పిన నేతగాడు, పడుగుకు గొర్రె ఉన్ని వేసి, పేకకు ఈ దారం వేసుకుని నాలుగు వరసలు నేశాక మగ్గం ఆపి, గుడ్డ మీద చెయ్యి పెట్టి, ఇది వేడిగా ఉందేమిటని అడిగాడు. మరుసటి వారం నుంచి దుకాణం గోతాలు చెత్తబండి ఎక్కడం మానేశాయి. ఆపరేటరు శాలువా కప్పుకుని ఎడమ చెయ్యి అంచు మీద పోనిచ్చింది. చిన్న ముడి తగిలిన చోట వేలు ఆగింది. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం, వసారాలో చడీచప్పుడూ లేదేమిటా అని భార్య తొంగిచూసింది. మాస్టారు మేనకోడలు కొత్తగా పంపిన గోతం ముందు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. నల్ల పలక గోడవైపు తిరిగి ఉంది. ఆయన చిటికెడు బొచ్చు తీసి, వేళ్ళ మధ్య పోనిచ్చి, దాని మీద ఊపిరి వదిలి, ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. తల అడ్డంగా ఊపి, మళ్ళీ తీస్తున్నాడు.

“ఏం చేస్తున్నారు, కళ్ళు మూసుకుని?” అంది ఆవిడ.

“అక్షరాలు దిద్దుకుంటున్నాను,” అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే.